చిన్నీ, అల్లుడితో నేను మాట్లాడను

చిన్నీకి,

నీ మెసేజ్ చదివాను, ఫోటోలు చూశాను. కారు బాగుంది. గుండ్రటి హెడ్‌లైట్లు, పైకప్పుకి వేరే రంగు, మూడే డోర్లు, అల్లరి పిల్లాడిలా ఆ ముఖం. మినీ కూపర్ నీకెందుకు నచ్చిందో నాకు వేరే చెప్పక్కర్లేదు. కానీ అది కొనడానికి అల్లుణ్ణి ఒప్పించమని నువ్వడిగిన సాయం మాత్రం చెయ్యను. "నువ్వొక్క మాట చెప్తే వింటాడమ్మా" అని రాశావు. వింటాడు, నాకూ తెలుసు. అత్తగారి మాట కాదనలేక మొహమాటానికి సరే అంటాడు. అలా సరే అనిపించుకుని కారు ఇంటికి తెచ్చుకున్నావనుకో, మొదటి సర్వీసు బిల్లు వచ్చిన రోజు ఆ మొహమాటం కాస్తా కోపంగా మారుతుంది. అప్పుడు అక్కడ నేనుండను. నువ్వూ, అతనూ, ఆ బిల్లూ ఉంటారు. అందుకే మాట్లాడాల్సింది నువ్వే.

ముందు నువ్వు వరసగా రాసిన కారణాల సంగతి చూద్దాం. పార్కింగ్ సులువు, పెట్రోలు తక్కువ తాగుతుంది, ఆఫీసుకి పనికొస్తుంది, రేపు అమ్మినా మంచి రేటు వస్తుంది. ఇవన్నీ కొట్టెయ్. పార్కింగే కావాలంటే దీని ధరలో సగం కూడా లేని చిన్న కార్లు బోలెడున్నాయి, అవీ ఇంతే సులువుగా పడతాయి. పెట్రోలు అంటావా, టర్బో ఇంజను కారు కొనుక్కుని కాలు అదుపులో పెట్టుకునేవాళ్ళు ఎంతమంది? పైగా ఇలాంటి ఇంజన్లలో చాలావాటికి ఎక్కువ ఆక్టేన్ ఉన్న ప్రీమియం రకం పెట్రోలు పొయ్యమని కంపెనీలే చెబుతాయి, అది మామూలుదానికంటే ఖరీదు. ఇక ఆఫీసుకి వెళ్ళడానికి ఏ కారైనా ఒకటే. అల్లుడు లెక్కల మనిషి. ఈ నాలుగూ నాలుగు నిమిషాల్లో తేల్చేస్తాడు. తేల్చేశాక నువ్వు ఐదోది వెతుక్కుంటావు. అప్పుడతనికి కారు మీదే కాదు, నీ మాట మీదే అనుమానం వస్తుంది.

దానికి బదులు ఉన్నమాట చెప్పు. "నాకిది అవసరం కాదు, ఇష్టం. అవసరానికి మన దగ్గరున్న కారు సరిపోతుందని నాకూ తెలుసు." అంతే. అవసరమని వాదిస్తే ఎదుటివాళ్ళు కాదని నిరూపించగలరు. ఇష్టాన్ని ఎవరూ కాదని నిరూపించలేరు. ఇక మిగిలేది, ఆ ఇష్టానికి మీ ఇద్దరి సంపాదనలో ఎంత పెట్టొచ్చు అన్న ప్రశ్న ఒక్కటే. అది మొగుడూ పెళ్ళాం కూర్చుని మాట్లాడుకోదగ్గ ప్రశ్న.

అతను తప్పకుండా అనే మాట ఒకటుంది: "ఈ డబ్బుకి ఇంకా పెద్ద కారు వస్తుంది కదా." కార్లకి కొలతని బట్టి వెల కట్టడం అందరికీ అలవాటే, తప్పు పట్టలేం. దీనికి జవాబు కావాలంటే ఆ కారు పుట్టిన కథ తెలియాలి. పుట్టింది కూడా ఒకరిని ఒప్పించాకే.

1959లో వచ్చిన అసలు మినీ పొడవు మూడు మీటర్ల పైన కాస్త, బరువు సుమారు 600 కిలోలు. సూయజ్ కాలువ మూతపడి పెట్రోలుకి కటకటలాడిన రోజుల తర్వాత, తక్కువ తాగే బండి కావాలంటే అలెక్ ఇస్సిగోనిస్ గీసిన డిజైను అది. ఇంజన్ని అడ్డంగా తిప్పి, గేర్‌బాక్సుని దాని కిందికి తోసి, చక్రాల్ని నాలుగు మూలలకీ జరిపేశాడు. మిగిలిన చోటంతా మనుషులకి. చక్రాలు మూలల్లో ఉండటం వల్ల ఆ పొట్టి బండి మలుపుల్లో రోడ్డుని భలే పట్టుకునేది. ఆ సంగతి పసిగట్టినవాడు జాన్ కూపర్. రేసు కార్లు కట్టేవాడు, 1959లోనూ 1960లోనూ ఫార్ములా వన్‌లో కార్లు తయారుచేసే జట్లకిచ్చే కన్‌స్ట్రక్టర్ల టైటిల్ అతని కంపెనీదే. దీన్ని కాస్త వేగంగా చేద్దామంటే ఇస్సిగోనిస్‌కి నచ్చలేదు. తను చేసింది మామూలు జనం కారు, దానికి ఈ హంగులేమిటన్నది ఆయన అభ్యంతరం. కూపర్ ఏం చేశాడంటే, ఆయన్ని దాటి కంపెనీ పెద్ద జార్జ్ హారిమన్ దగ్గరికే వెళ్ళి అనుమతి తెచ్చుకున్నాడు. (నువ్వు ఇప్పుడు నాతో చేయించాలని చూస్తున్నదీ అదే. కంపెనీల్లో చెల్లింది కదా అని ఇంట్లో చెల్లదు.)

1961లో మినీ కూపర్ వచ్చింది. 848 సీసీ ఇంజను 997 సీసీ అయింది, 34 హార్స్‌పవర్ 55 అయింది. అందరూ చెప్పుకునేది ఈ అంకెలే. నాకు నచ్చింది ఇంకొకటి. ఇంజనుతో పాటే ముందు చక్రాలకి వేడిని బాగా తట్టుకునే డిస్క్ బ్రేకులు కూడా పెట్టారు. వేగం రెండింతలైతే బండిని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి నాలుగింతలవుతుంది. ఆ శక్తంతా వేడిగా మారుతుంది, ఆ వేడి తట్టుకోలేని బ్రేకు పదే పదే తొక్కితే పట్టు తప్పుతుంది. పరుగు నేర్పినవాళ్ళు ఆగడం కూడా నేర్పారు కాబట్టే ఆ బండి 1964, 1965, 1967 సంవత్సరాల్లో మాంటే కార్లో ర్యాలీ అనే పేరున్న కార్ల పందెం గెలిచింది. 1966లో కూడా ముందు వచ్చినవి మినీలే గాని, హెడ్‌లైట్ల విషయంలో రూలు తప్పారని పక్కన పెట్టేశారు. ఆ గొడవ మీద ఇప్పటికీ వాదించుకునేవాళ్ళున్నారు.

అల్లుడికి చెప్పాల్సింది ఇదే. పెద్ద కారులో నీ డబ్బు ఎక్కువ రేకుకీ, ఎక్కువ సీట్లకీ వెళుతుంది. ఇలాంటి కారులో కంటికి కనపడని చోటికి వెళుతుంది. బ్రేకులు, సస్పెన్షన్, స్టీరింగ్, మలుపులో మెలిపడని బాడీ. చూపించడానికి ఏమీ ఉండదు, నడిపితేనే తెలుస్తుంది. అయితే పూర్తి నిజం కూడా చెప్పు. అందులో కొంత ఆ పేరుకీ, ఆ పైకప్పు రంగుకీ కూడా పోతుంది. ఇప్పటి మినీ ఆ పాతదానికి రెండింతల బరువు. పాత కథ చెప్పి కొత్త కారు అమ్మడం కంపెనీల పని, నువ్వు అతనికి అలా అమ్మకు.

ఇలాంటి కార్ల మీద నమ్మకం లేకపోవడం అల్లుడితో మొదలైంది కాదులే. గోల్ఫ్ జీటీఐ అని, వేగంగా పోయే చిన్న కారు ఒకటి విన్నావు కదా. వోక్స్‌వ్యాగన్‌లోనే కొందరు ఉద్యోగులు తమ అసలు పని కాకపోయినా పట్టుబట్టి చేసిన కారది. 1976లో అమ్మకానికి పెడుతూ కంపెనీ అనుకున్నది 5,000 కార్లు. ఆ మొదటి తరమే 4.6 లక్షలకు పైగా అమ్ముడైంది. పొదుపు మనుషులు కూడా చివరికి ఇలాంటివాటికి పడిపోతారని చెప్పడానికి రాస్తున్నాను, అతని ముందు ఈ లెక్క వల్లించడానికి కాదు.

ఇక నాకు బాగా తెలిసిన సంగతి, ఖర్చు. ఇన్సూరెన్స్ క్లెయిముల సెక్షన్లో ఉద్యోగం చేసినదాన్ని. షోరూములో కారు ధర గురించి మాత్రమే మాట్లాడతారు, నా టేబుల్ మీదికి వచ్చేవి ఆ తర్వాతి కాగితాలు. బండి చిన్నదైతే బిల్లు చిన్నదవుతుందనుకుంటారు. అవదు. పార్కింగ్‌లో ఎవడో తగిలించి పోయిన దెబ్బకి హెడ్‌లైటుని పట్టి ఉంచే ప్లాస్టిక్ చెవి ఒకటి వెనక విరుగుతుంది. అద్దం చెక్కుచెదరదు, బల్బు వెలుగుతూనే ఉంటుంది. అయినా ఆ చెవి విడిగా దొరకకపోతే ఎల్‌ఈడీ లైటు మొత్తం మార్చాల్సిందే. ముందు అద్దం పగిలితే అద్దం డబ్బులతో అయిపోదు, దాని వెనకున్న కెమెరాని మళ్ళీ సరిచెయ్యాలి, ఆ ఖర్చు వేరు. పేవ్‌మెంటు అంచుకి రాసుకున్న అల్లాయ్ చక్రాల సంగతైతే చెప్పక్కర్లేదు, టైరు పలచగా ఉన్న కార్లకి అది రోజూ ఉండే బెడదే.

అందుకని ఒక కాగితం తీసుకుని నువ్వే రాయి, అతను అడగకముందే. కారు ధర కింద గీత గీసి, ఇన్సూరెన్స్ రాయి. అది అంచనాగా వద్దు, కొటేషన్ తెప్పించుకుని రాయి. చాలా చోట్ల కారు పవరు, రిపేరు ఖర్చు, నడిపేవాళ్ళ వయసు, పాత క్లెయిములు అన్నీ చూసే ప్రీమియం వేస్తారు, చిన్న కారు కదా అనుకుంటే దెబ్బతింటావు. టైర్లు రాయి. ఇలాంటి కార్లకి రన్‌ఫ్లాట్ టైర్లు, అంటే గాలి పోయినా కొంత దూరం నడిచేవి, వస్తాయేమో కనుక్కో, వస్తే స్టెప్నీ ఉండదు, టైరూ ఖరీదే. వారంటీ ఎన్నేళ్ళో, అది అయిపోయాక సర్వీసు ఎక్కడ చేయిస్తావో రాయి. అన్నిటికంటే పెద్ద అంకె ఎవరూ రాయనిది, తరుగుదల. కొత్త కారు విలువ మొదటి రెండు మూడేళ్ళలోనే ఎక్కువగా పడిపోతుంది. పెట్రోలు, సర్వీసు కలిపినా చాలాసార్లు దాన్ని అందుకోలేవు. దానికి బిల్లు రాదు కాబట్టి ఎవరికీ నొప్పి తెలియదు.

ఆ కాగితం చూసి నీకే గుండె గుభేలుమంటే, మూడేళ్ళ పాతది చూడు. తరుగుదలలో పెద్ద ముక్క మొదటి ఓనరు మింగేసి ఉంటాడు. సర్వీసు రికార్డు మొత్తం ఉన్నదే తీసుకో, మెకానిక్‌కి చూపించకుండా అడ్వాన్సు ఇవ్వకు. ఎక్స్‌ట్రాల జోలికి అసలు పోకు. కొనేటప్పుడు పెట్టిన ప్రతి ఎక్స్‌ట్రాకీ పూర్తి ధర కడతావు, అమ్మేటప్పుడు దాన్ని ఎవడూ లెక్కలోకి తీసుకోడు.

టెస్ట్ డ్రైవ్ గురించి కూడా చెప్పాలి. అతన్ని పక్కన కూర్చోబెట్టుకుని నువ్వు రయ్యిమని పోనిచ్చి "చూశావా" అంటావని నా భయం. పక్క సీట్లో ఉన్నవాళ్ళకి అది సరదా కాదు, టెన్షన్. స్టీరింగు ముందు అతని చేతికివ్వు, నువ్వు పక్కన కూర్చుని నోరు మెదపకు. అతనికి నడుం నొప్పి ఉంది కదా, అది మర్చిపోకు. షోరూముల్లో నడపమని ఇచ్చేది చాలాసార్లు పెద్ద చక్రాలున్న కారు, చూపుకి బాగుంటుందని. అదే కారు చిన్న చక్రాలతో తీసుకుంటే టైరు గోడ మందంగా ఉంటుంది, గతుకు నడుముదాకా రాకుండా కొంత అక్కడే ఆగుతుంది, టైరు కూడా చవక. అలాంటిదే కావాలని ముందే ఫోన్ చేసి చెప్పు. నున్నటి రోడ్డు మీద తిప్పి తీసుకొచ్చేస్తే ఏమీ తెలియదు, మీ ఇంటికి రోజూ వచ్చే దారిలోనే నడపనివ్వు.

ఆ తర్వాత నువ్వు వెనక సీట్లో కూర్చో. నిజంగా చెబుతున్నాను, ముందు సీటు అతనికి సరిపోయేలా జరిపాక, దాని వెనక నీ మోకాళ్ళు ఎక్కడ పెడతావో చూసుకో. మూడు డోర్ల కారులో వెనక్కి ఎక్కాలంటే సీటు వంచి, ఒంగి, పక్కకి తిరిగి దూరాలి. డిక్కీ సుమారు 210 లీటర్లు. గోల్ఫ్ లాంటి మామూలు హ్యాచ్‌బ్యాక్‌కి 380 ఉంటుంది. మీ రెండు సూట్‌కేసులూ తీసుకెళ్ళి అక్కడే పెట్టి చూడు, షోరూము వాళ్ళు నవ్వుకుంటే నవ్వుకోనీ. రేపు పిల్లలు పుడితే సీటు బిగించడం, తియ్యడం ఎలాగన్నది అతని మనసులో ఉండే ఉంటుంది. అడగడానికి మొహమాటపడుతూ ఉండొచ్చు. ఆ మాట నువ్వే ఎత్తు. కుదిరితే శని, ఆదివారాలకి అలాంటి కారే అద్దెకి తీసుకుని ఎక్కడికైనా వెళ్ళి రండి. డీలరు పక్కన లేనప్పుడు కారు అసలు రంగు బయటపడుతుంది.

అన్నీ అయ్యాక కూడా అతను ఊ అనకపోతే, అడ్డు డబ్బేనా అని అడుగు. కొందరికి డబ్బు కాదు, "ఈవిడ దీంట్లో ఎంత స్పీడుగా పోతుందో" అన్న బెంగ ఉంటుంది. అది బయటికి చెప్పలేక ఈఎంఐ గురించి మాట్లాడతారు. నీ డ్రైవింగ్ నాకు తెలుసు కాబట్టి ఆ బెంగ నాకూ కొంచెం ఉంది. దానికి మంచి విరుగుడు డ్రైవింగ్ ట్రైనింగ్. ట్రాక్ మీద, నేర్పేవాళ్ళు పక్కనుండగా, గట్టిగా బ్రేకు ఎలా తొక్కాలో, బండి జారితే ఏం చెయ్యాలో నేర్పుతారు. ఆ ఫీజు కూడా నీ కాగితంలో చేర్చు. కారు కంటే ముందు ఆ క్లాసుకి వెళ్ళొచ్చి అడిగావంటే నీ మాటకి బరువు వేరేగా ఉంటుంది.

ఇంకో సంగతి. పెళ్ళయ్యాక అతను తనకంటూ ఖరీదైనది ఏం కొనుక్కున్నాడు? నాకైతే ఏదీ గుర్తు రావడం లేదు. నీ ఇష్టానికి మీ ఉమ్మడి డబ్బులోంచి ఇంత తీస్తున్నప్పుడు, అతనికీ ఏదో ఒక ఇష్టం ఉంటుంది కదా, అది ఈ మాటల్లో ఎక్కడుంది? లంచం ఇమ్మని కాదు. "నేనిది అడుగుతున్నాను, నువ్వేం అడుగుతావు" అని ఒక్కసారి నోరు తెరిచి అడుగు. అతను ఏమీ వద్దంటే ఆ మాట నమ్మి వదిలెయ్యకు, నాలుగు రోజులాగి మళ్ళీ అడుగు.

ఈ ఉత్తరం అతనికి చూపించొద్దు, అత్తగారు వెనకుండి ఆడిస్తోందనుకుంటాడు. ఇన్సూరెన్స్ కొటేషన్ రాగానే నాకు ఫోటో తీసి పంపు. క్లెయిముకి వెళ్ళినప్పుడు మన జేబులోంచి ఎంత కట్టాలో, విడిభాగాలకి తరుగుదల కోస్తారో లేదో చిన్న అక్షరాల్లో ఉంటుంది, అది నేను చదివి చెబుతాను. అప్పటిదాకా ఎవరికీ అడ్వాన్సు కట్టకు.

ఆశీస్సులతో,
అమ్మ