వెండి కడ్డీలకు అందని ఉసురు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో ఆర్.ఎఫ్. కువాంగ్ నవల 'బేబెల్' గురించి వచ్చిన వ్యాసం చదివాను. సామ్రాజ్యం మీద ఇంత పదునైన ఫాంటసీ ఈ మధ్య రాలేదని మీ సమీక్షకులు మెచ్చుకున్నారు. 2022లో వచ్చిన ఆ పుస్తకానికి సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకిచ్చే నెబ్యులా అవార్డు కూడా దక్కింది. అందరి మాటా విని, మా చిన్నమ్మాయి చేత తెప్పించుకుని, నెల రోజులు పెట్టి ఐదొందల పైచిలుకు పేజీలు చదివాను. చివరికి నిరాశే మిగిలింది.

ముప్ఫై ఒక్క ఏళ్లు కోర్టుల్లో ట్రాన్స్‌లేటర్‌గా పనిచేశాను. తెలుగు వాంగ్మూలాలు, దస్తావేజులు ఇంగ్లిషులోకి తర్జుమా చేయడం నా ఉద్యోగం. అందుకే ఆ నవల ఊహ తెలియగానే ప్రాణం లేచొచ్చింది. 1830ల ఆక్స్‌ఫర్డ్. అక్కడ బేబెల్ అనే బురుజులో తర్జుమా పండితులు పనిచేస్తుంటారు. వెండి కడ్డీ మీద ఒక భాషలో ఒక మాట, రెండో భాషలో దాని తర్జుమా చెక్కుతారు. రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లు వాటిని పలికితే, తర్జుమాలో జారిపోయిన అర్థం శక్తిగా మారి పనిచేస్తుంది. బ్రిటిష్ సామ్రాజ్యం నడిచేది ఆ వెండి మీదే. ఎంత గొప్ప ఊహ! మొదటి వంద పేజీలు రాత్రి రెండు దాకా చదివాను.

అర్థం జారిపోవడమంటే ఏమిటో నాకు తెలుసు. ఒక పొలం తగాదా కేసులో ఒక పెద్దావిడ బోనులో నిలబడి మరుదుల గురించి 'నా ఉసురు తగలకుండా పోదు' అంది. ఉసురంటే ప్రాణం, ఏడుపు, శాపం, ఇంకా ఏదో. నేను 'శపించింది' అని అర్థం వచ్చే ఇంగ్లిషు మాట రాశాను. అప్పీల్లో అవతలి వకీలు ఆ మాటే పట్టుకుని, ఆవిడ బెదిరించిందని, పగతో సాక్ష్యం చెప్పిందని వాదించాడు. ఆవిడ ఓడిపోయింది. నా మాట వల్లే ఓడిందో కాదో చెప్పలేను, కానీ ఇన్నేళ్లయినా ఆ కాగితం కళ్లముందే ఉంది.

నవలలో ఇలాంటి బరువు కోసమే చూశాను. చైనా రేవు పట్నం క్యాంటన్‌లో, కథానాయకుడు రాబిన్ చైనా కమిషనర్ లిన్ జెషూ ఎదుట దుబాసీగా నిలబడే చోట అది కాస్త కనిపించింది. పుస్తకంలో నాకు నిజంగా నచ్చిన భాగం అదే. మిగతా అంతటా తప్పెవరిదో రచయిత్రే ముందుగా చెప్పేస్తారు. చిన్నప్పుడు కలరాతో పోతున్న రాబిన్‌ను వెండితో బతికించి, వాడి తల్లిని మాత్రం పోనిచ్చిన ప్రొఫెసర్ లవెల్ మొదటి పేజీల నుంచీ దుర్మార్గుడే. మనకు ఇంకా అనుమానం ఉంటుందేమోనని కింద ఫుట్‌నోట్లు. సామ్రాజ్యం దోపిడీ చేసిందని నాకు ఎవరూ నచ్చజెప్పక్కర్లేదు. దాని దగ్గర జీతం తీసుకుంటూ, దాని భాషను ప్రేమిస్తూ బతికినవాడి మనసులోకి నన్ను తీసుకెళ్లమని నేను కోరుకున్నాను. రాబిన్ అక్కడిదాకా వచ్చినట్టే వచ్చి తిరుగుబాటులోకి వెళ్లిపోయాడు. చదవనివాళ్లు ఉంటారు కాబట్టి ముగింపు చెప్పను.

దొరల దగ్గర జీతం తీసుకుంటూ బతికిన అలాంటి మనుషులు నిజంగా ఉన్నారు. ఏలూరు నుంచి వెళ్లిన కావలి సోదరులు కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ దగ్గర పనిచేసి ఊరూరా తిరిగి కైఫీయతులు (ఊళ్ల చరిత్రలు), శాసనాలు సేకరించారు. 1821లో మెకంజీ పోయాక ఆ పని తాను కొనసాగిస్తానని ఆ సోదరుల్లో ఒకడైన కావలి వెంకట లక్ష్మయ్య అడిగాడు. సరిగ్గా ఈ నవల జరిగే 1830లలోనే, కలకత్తాలోని పండిత సంఘం ఏషియాటిక్ సొసైటీ కార్యదర్శి జేమ్స్ ప్రిన్సెప్ లక్ష్మయ్య సామర్థ్యం చాలదన్నాడు. ఏ నేటివ్‌కైనా అది మించిన పని అన్నాడు. ఆ మాట చదివినప్పుడు నా ఒళ్లు మండిపోయింది. బేబెల్ బురుజు కూలినా కూలకపోయినా నాకు అంత మంట పుట్టలేదు. నవలలో పరాయి దేశాల పిల్లల్ని చిన్నప్పుడే ఇంగ్లండుకు తెచ్చి పెంచుతారు. ఇక్కడే, మద్రాసులో, కలకత్తాలో, సంసారాలు ఈదుతూ ఆ పని చేసిన మున్షీలకూ దుబాసీలకూ అందులో చోటు దాదాపు లేదు.

వెన్నెలకంటి సుబ్బారావు గారు 1815 నుంచి 1829 వరకు మద్రాసులో కంపెనీ పెద్ద కోర్టు అయిన సదర్ అదాలత్‌లో ట్రాన్స్‌లేటర్. మా వృత్తికి పెద్దాయన. తన జీవితకథ ఇంగ్లిషులో తానే రాసుకుంటే, 1873లో, ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు, కొడుకు అచ్చు వేయించారు. కంపెనీ నౌకరీ, బదిలీలు, దొరల మెప్పు, ఇంటి కష్టాలు అన్నీ ఏ కోపమూ లేకుండా రాసుకున్నారు. చదువుతుంటే మనకే కోపం, జాలి రెండూ వస్తాయి.

కొత్త నవలకు ఒక పేజీ ఇచ్చారు కదా, ఈ పెద్దాయన పుస్తకానికి అరపేజీ అయినా ఇవ్వండి. నా దగ్గర జిరాక్స్ ప్రతి ఉంది, అడిగితే పంపుతాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ కోర్టు ట్రాన్స్‌లేటర్,
రాజమహేంద్రవరం