విషయం: మీరు మధ్యలో ఒక భాగం మింగేసిన నా బొమ్మల సీరియల్

సంపాదకులకు, లేదా ఈ ఉత్తరం మీ ఆఫీసులో ఎవరి బల్ల మీద పడితే వాళ్లకు,

కడప నుంచి రాస్తున్నాను. మీ గేమింగ్ మాసపత్రిక చివరి పేజీలో బొమ్మల సీరియల్ వేసేది నేనే. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఏ సీరియల్ సార్?" అంటున్నారు కాబట్టి ఈ పరిచయం.

పాచికలాట పిచ్చి ఉన్న నలుగురు కుర్రాళ్లు బెలుం గుహల్లోకి దిగారు. పాతాళగంగ దగ్గర దారి మూసుకుపోయింది, సశేషం. తర్వాతి సంచికలో చూస్తే గండికోట మీద నిలబడి పెన్నా లోయ చూస్తున్నారు! మధ్య భాగం మీకు ఎప్పుడో పంపాను. వేయడం మరిచిపోయారు. సరే, ఎవరికైనా జరుగుతుంది.

ఎడిటోరియల్‌కు చేస్తే "పేజీలు పెట్టేది డిజైన్ వాళ్లు" అన్నారు. డిజైన్ వాళ్లు "మాకిచ్చిన ఫైలే పెట్టాం" అని మళ్లీ ఎడిటోరియల్‌కే కలిపారు. ఈసారి ఎవరో కొత్తమ్మాయి. ఓపిగ్గా అంతా విని చందా నంబర్ అడిగింది. చెప్పాను. "మీ చందా యాక్టివ్‌గానే ఉంది సార్, ఇంకేమైనా సహాయం కావాలా?" అంది. ఈమెయిల్ పెడితే మాత్రం క్షణంలో జవాబు: మీ అభిప్రాయం మాకెంతో విలువైనది. మళ్లీ పెట్టినా అదే. విలువ తగ్గలేదన్నమాట, సంతోషం.

చివరికి దొరికిన పెద్దమనిషి "సీరియళ్లు మధ్యలో ఆగడం మామూలే, అమెరికాలోనూ ఆగాయి" అని నాకే పాఠం చెప్పారు. ఆగాయి సార్. అక్కడి గేమింగ్ పత్రిక డ్రాగన్‌లో 1977లో మొదలైన 'వార్మీ' అనే బొమ్మల సీరియల్ 1988లో కథ పూర్తికాకుండానే ఆగింది. కానీ అక్కడ పంపడం మానేసింది బొమ్మలేసే డేవిడ్ ట్రాంపియర్. ఇక్కడ నేను పంపుతూనే ఉన్నాను.

మీ పత్రిక కొత్తలో పైసా అడక్కుండా బొమ్మలేశాను. ఏడు రోడ్ల దగ్గర షాపువాడిని బతిమాలి మీ కాపీలు పెట్టించాను. ఇప్పుడు ఆ షాపుకే వెళ్లలేకపోతున్నా, "అన్నా, గుహలోంచి ఎట్ల బయటపడినారు?" అని పిల్లలు పట్టుకుంటున్నారు. ఏం చెప్పమంటారు? మీ కస్టమర్ కేర్‌ను అడగమననా? పారితోషికం కూడా రాలేదు గానీ దానికి వేరే ఉత్తరం రాస్తాను. ఆ భాగం వేసి, పక్కన పొరపాటు మాదేనని ఒక్క ముక్క రాస్తే మీ సొమ్మేం పోతుంది?

బొమ్మలవాడిగా నన్ను లెక్కచేయకపోయినా, డబ్బు కట్టిన చందాదారుణ్ణి. 2019 చట్టం ప్రకారం నేనున్న ఊళ్లోనే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. విచారణకు మీరే కడపకు రండి, ఎండాకాలమైతే మరీ మంచిది.

అన్నట్టు, వచ్చే నెల భాగం ఇంకా గీస్తున్నాను. అందులో కుర్రాళ్లు ఒక పత్రికాఫీసులో చిక్కుకుంటారు. ఏ తలుపు తట్టినా పక్క తలుపు చూపించే రాక్షసులుంటారు. వాళ్లకు ఎవరి ముఖాలు పెట్టాలో మీ జవాబును బట్టి ఆలోచిస్తాను.

ఇట్లు,
మీ చివరి పేజీ బొమ్మలవాడు, కడప