రంగు తిరిగిన రూపాయిలు, గ్రేడింగు: ఈ ఏడాది మా కొట్టు లెక్క

నమస్కారమండీ. బరంపురంలో మా కొట్టుకు వచ్చేవాళ్లకీ, పర్లాకిమిడి, జయపురం, ఇచ్ఛాపురం నుంచి ఫోన్ చేసి నాణేలు తెప్పించుకునేవాళ్లకీ ఒక విషయం దాచకుండా చెప్పాలి.

పోయినేడాది విదేశాల్లో గ్రేడింగుకు (అంటే నాణెం అసలుదా, ఎంత బాగుంది అని పరీక్షించి, 70కి మార్కులు వేసి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఇవ్వడం) పంపిస్తానని మీలో కొందరి దగ్గర నాణేలు తీసుకున్నాను కదా, అవి తిరిగొచ్చాయి. మొత్తం 11. వాటిలో 7 నాణేలకు మార్కులు వచ్చాయి, 4 నాణేలకు రాలేదు. ఆ నాలుగింట్లో మూడు 'తోమినవి' అని, ఒకటి 'రంగు అనుమానం' అని లేబులు వేసుకుని వచ్చాయి. ఆ నాలుగోది నేను అమ్మిందే.

అది 1938 వెండి రూపాయి, ఆరో జార్జి బొమ్మది. అంచు చుట్టూ నీలం, కాస్త లోపల వంగపండు రంగు, నెమలికంఠం పట్టుచీర మడత తిప్పినట్టు ఉండేది. చూడగానే మనసు పారేసుకుని కొన్నాను, తర్వాత మన కొట్టుకు వచ్చే ఒక మాస్టారికి 'ఇది సహజంగా ఎక్కిన రంగే మాస్టారూ' అని చెప్పి మామూలు ధరకు రెండింతలు తీసుకుని ఇచ్చాను. తప్పు నాదే. మాస్టారికి నాణెం ధర, గ్రేడింగు ఖర్చు, కొరియర్ డబ్బులు అన్నీ తిరిగి ఇచ్చేశాను. ఆ నాణెం ఇప్పుడు నా దగ్గరే ఉంది. మళ్లీ అమ్మను, వచ్చినవాళ్లకు చూపించడానికే ఉంచాను.

ఎక్కడ పొరబడ్డానో చెప్తాను, మీకూ పనికొస్తుంది. గాలిలోని గంధకం వెండిని పట్టుకుని పైన పల్చటి పొర కడుతుంది. ఆ పొర మందాన్ని బట్టే రంగు కనిపిస్తుంది, వాన నీళ్ల మీద పెట్రోలు చుక్క పడితే రంగులు ఎలా విచ్చుకుంటాయో అలాగే. దానికి ఒక వరస ఉంది: మొదట లేత తేనె రంగు, తర్వాత ఎరుపు, వంగపండు, ఆ తర్వాత నీలం, ఇంకా మందం పెరిగితే మళ్లీ పసుపు, చివరికి నలుపు. అంటే తెల్లటి వెండికీ నీలానికీ మధ్యలో తేనె రంగు, ఎరుపు సన్నగా అయినా ఉండాలి. మాస్టారి నాణెం మీద రాజుగారి మెడ దగ్గర నీలం ఉన్నట్టుండి ఆగిపోయి పక్కనే తెల్లగా ఉంది. అక్షరాల చుట్టూ కూడా సహజమైన రంగు కొంచెం వెనక్కి తగ్గి సన్నని గీతలా తేలికపడుతుంది, దీనిమీద మాత్రం రంగు బ్రష్షుతో పూసినట్టు అక్షరాల మీదుగా వెళ్లిపోయింది. ఇంకొకటి, మంచి నాణేన్ని ఎండలో అటూ ఇటూ వంచితే రంగు కింద నుంచి వెలుగు బండిచక్రం ఆకుల్లా తిరుగుతుంది. నేను దీన్ని రాత్రి ట్యూబులైటు కింద చూసి కొన్నాను. 10 రెట్ల భూతద్దం పెట్టి పగలు చూసి ఉంటే అప్పుడే తెలిసేది.

ఇక తోమినవి మూడూ ఇళ్లలోంచి వచ్చినవి. వరలక్ష్మీ వ్రతానికి కలశంలో వేసే రూపాయిని చింతపండుతోనో విభూదితోనో తళతళలాడేలా తోమడం మనందరి ఇళ్లలో ఉన్నదే, అందులో తప్పేమీ లేదు, అది పూజ రూపాయి. కాకపోతే పదేళ్లు బీరువాలో కూర్చున్నాక దానిమీద మళ్లీ అందంగా రంగు ఎక్కుతుంది, కింద ఉన్న సన్న గీతలు మాత్రం పోవు. గ్రేడింగువాళ్లు చూసేది ఆ గీతలనే. కొండ ఊళ్ల నుంచి వచ్చే రూపాయిల దండల్లోవీ అంతే, కొక్కెం తీసేసి ఎంత నున్నగా చేసినా అతుకు ఆనవాలు దొరికిపోతుంది.

చాలామంది విక్టోరియా రాణి రూపాయిలు, ఎడ్వర్డు రూపాయిలు పంపమని అడుగుతున్నారు. ఇంతవరకూ 'చూద్దాం' అంటూ వచ్చాను, అలా నాన్చి ఉండాల్సింది కాదు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణెం పురావస్తువు, దాన్ని మనలాంటివాళ్లం దేశం దాటించకూడదు. ఐదో జార్జి రూపాయిలు కూడా 1922తో ఆగిపోయాయి కాబట్టి అవన్నీ ఇందులోకే వస్తాయి. 'పాతదని రాయకుండా పార్సిల్ చేసేయండి' అని ఒకరిద్దరు అన్నారు. నేను చెయ్యను, ఇంకెవరైనా చేస్తామన్నా ఇవ్వకండి.

మిగిలినవాటిలో ఏది పంపాలంటే, నా లెక్క ఇది. ఫీజు, ఏజెంటు కమీషను, రానూపోనూ కొరియరు, ఇన్సూరెన్సు అన్నీ కలిపి నాణెం ధరలో నాలుగో వంతు దాటితే వద్దంటాను. 1940 నుంచి 1945 దాకా వచ్చినవి సగం వెండి రూపాయిలే, ఎంత ముచ్చటైన రంగున్నా వాటిలో చాలావాటికి ఆ ఖర్చు గిట్టదు. 1969 గాంధీగారి పది రూపాయల వెండి నాణెం (15 గ్రాములు, 80 శాతం వెండి) అట్టపెట్టెలో ఉండి రంగు తిరిగితే ఎంత బాగుంటుందో, కానీ అదీ అంతే. 1939 రూపాయి సంగతి వేరు, దొరకడమే కష్టం, కొనేవాడికి ఇది అసలుదేనా అన్న టెన్షన్ ఎప్పుడూ ఉంటుంది కాబట్టి దానికి గ్రేడింగు చేయించడం మేలు. 70కి ఎన్ని మార్కులొచ్చాయన్నది అమ్మేటప్పుడు పనికొస్తుంది, ఉంచుకునేవాళ్లకు దాంతో పనేముంది? ఆ ప్లాస్టిక్ డబ్బాలోకి గాలి అసలు పోదనుకోవడం కూడా పొరపాటే, రంగు లోపల కూడా నెమ్మదిగా మారుతుంది.

మనకి గోపాలపూర్ సముద్రం దగ్గర, గాలిలో తేమ ఎక్కువ. మెత్తటి పీవీసీ కవర్లలో ఉన్న నాణేలు ఈ వారమే తీసేయండి, వాటివల్ల పచ్చటి జిగురు పడుతుంది, రెండు నాణేలు నాకే అలా పాడయ్యాయి. పీవీసీ లేని మైలార్ కవర్లు కొట్టులో ఉన్నాయి, కొన్నధరకే ఇస్తాను. డబ్బాలో సిలికా జెల్ పొట్లం ఒకటి వేసి, వానాకాలంలో మార్చుకుంటూ ఉండండి.

ఇకనుంచి రంగు నాణెం ఏది అమ్మినా, రంగు సహజం కాదని తేలితే ఎప్పుడైనా సరే డబ్బు తిరిగి ఇస్తానని బిల్లు మీద రాసిస్తాను. ఇంతకుముందు నా దగ్గర రంగు నాణేలు కొన్నవాళ్లు కూడా తీసుకురండి. ఆదివారాలు ఉదయం 9 నుంచి 11 దాకా మా కొట్టు అరుగు మీద ఎండ బాగా పడుతుంది, అక్కడే కూర్చుని ఇద్దరం కలిసి చూద్దాం. డబ్బులేమీ అక్కర్లేదు, తోమకుండా తెస్తే చాలు.