రొయ్యల రేటు ఎవరు చెప్పాలి?

సంపాదకుడి గారికి,

పోయిన వారం మీ జిల్లా పేజీలో రొయ్యల ధరలు ఇంకా దిగజారతాయని నాలుగు కాలమ్‌ల వార్త వేశారు. ఎవరన్నారండీ ఆ మాట? 'వ్యాపార వర్గాల సమాచారం' అన్న ముక్క తప్ప అందులో ఒక్క పేరు లేదు. ఏ కౌంట్ (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ లెక్క, అంకె తగ్గేకొద్దీ రొయ్య పెద్దది) ఎంత ఉంది, నిన్న ఏ ఊళ్లో ఎంతకు కొన్నారు, ఒక్క అంకె లేదు. ఆ పేపర్ వచ్చిన రోజు నుంచి మా విడవలూరు వైపు, ఇందుకూరుపేట, అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద ఏం జరిగిందో మీ విలేకరి వచ్చి చూడాల్సింది. ఇంకో రెండు మూడు వారాలు మేత వేస్తే మంచి కౌంట్‌కు వచ్చే సరుకు కూడా, పడిపోతుందంట పడిపోతుందంట అని పట్టుబడి చేసేశారు, అంటే గుంట మొత్తం పట్టి అమ్మేశారు. వల లాగే మనుషులు దొరకలేదు, ఐస్ దొరకలేదు, బండి దొరకలేదు. అందరూ ఒకేసారి పడితే ఇంకేముంది, రేటు నిజంగానే పడింది. మళ్లీ మీ పేజీలోనే ధరలు పడ్డాయని ఇంకో వార్త. ఇందులో మన రొయ్యలు కొనే అమెరికా తప్పెంత, చైనా తప్పెంత, ఆ మొదటి వార్త తప్పెంత అని ఎవరైనా లెక్క తీశారా?

ఇది కొత్తగా వచ్చిన రోగం కాదు. 2025 ఏప్రిల్ 2న ట్రంప్ మన దేశం మీద 26 శాతం సుంకం అన్నాడు. తెల్లారేసరికి ఇక్కడ గట్టు మీద రేటు పడిపోయింది. ఆ సుంకం అప్పటికి అమల్లోకే రాలేదు. కొనేవాళ్ల గోదాముల్లో ఉన్న సరుకు పాత రేటుకు కొన్నది, అయినా మా దగ్గర కొత్త రేటే. అమెరికాకు ఎక్కువగా పోయేది పెద్ద సైజు, 100 కౌంట్ లాంటి చిన్న రొయ్య చాలావరకు వేరే దేశాల దారి పడుతుంది. మరి దాని రేటు ఎందుకు కోశారు? అడిగితే 'పైనుంచి అట్లా చెప్పారు' అన్నారు. వారం తిరిగేసరికి, ఏప్రిల్ 9న, ఆ అదనపు సుంకాన్ని 90 రోజులు ఆపారు. ఆ కబురు మాత్రం మా గట్టు దాకా రావడానికి ఎన్ని రోజులు పట్టిందో రైతులందరికీ తెలుసు. చెడ్డ కబురు రాత్రికి రాత్రే వచ్చేస్తుంది, మంచి కబురుకు మాత్రం దారి దొరకదు. ఆగస్టులో సుంకం 50 శాతానికి పోయినప్పుడు దెబ్బ నిజమే, దాన్ని నేను కాదనను. కానీ నిజమైన దెబ్బ ఎంతో, దాని పేరు చెప్పి కోసింది ఎంతో రైతుకు తెలిసే మార్గమే లేదు. నా బాధంతా అదే.

మాకు రేటు ఎట్లా తెలుస్తుందో చెబుతాను. పొద్దున్నే వాట్సాప్‌లో ఒక కాగితం ఫొటో వస్తుంది, 30 కౌంట్ ఇంత, 40 ఇంత, 50 ఇంత అని. దాన్ని రాసేది కొనేవాళ్లే. ఆ రేటు చూసుకుని ఏజెంట్‌ను పిలుస్తాం. అతను వల విసిరి, కిలో తూచి, ట్రేలో పోసి ఒక్కొక్క రొయ్యా లెక్కపెడతాడు. మొన్న మా గుంట దగ్గర 42 వచ్చింది, పక్కనే నిలబడి మేమూ లెక్కపెట్టాం. సరుకు బండెక్కి, రొయ్యలను ఎగుమతికి సిద్ధం చేసే ప్లాంట్‌కు పోయాక ఫోన్ వచ్చింది, 46 అని. పైగా సాఫ్ట్ (పెంకు మెత్తగా) ఉందని కొంత, లూజ్ షెల్ (పెంకు వదులు) అని కొంత తీసేశారు. అక్కడ ఎవరు లెక్కపెట్టారు, ఎవరి ఎదురుగా లెక్కపెట్టారు? వెనక్కి తెచ్చుకుందామంటే చచ్చిన రొయ్యను ఎక్కడ పెట్టుకుంటాం? కాగితం మీది రేటు ఒకటి, చేతికొచ్చిన రేటు ఇంకొకటి. ఆ రెండోది ఏ వాట్సాప్‌లోనూ రాదు, మీ పేపర్‌లోనూ రాదు. పక్క గుంట ఆయనకు ఎంత ముట్టిందో నాకు తెలియదు, నాకు ఎంత ముట్టిందో నేను సిగ్గుపడి చెప్పను. అట్లా ఎవరికి వాళ్లం చీకట్లోనే అమ్ముకుంటున్నాం.

మా బావగారు వాళ్లది కొండపి దగ్గర, పొగాకు వేస్తారు. పొగాకు రైతుకు కష్టాలు తక్కువని నేననను. కానీ అక్కడ పొగాకు బోర్డు వేలం కేంద్రం ఉంది, బేలు (పొగాకు కట్ట) నలుగురి ఎదురుగా పెడతారు, ఏ బేలు ఎంతకు పోయిందో అందరికీ తెలుస్తుంది, రేటు నచ్చకపోతే రైతు తన బేలు వెనక్కి తీసుకోవచ్చు. 1975 చట్టంతో వచ్చిన బోర్డు అది. 2023-24లో దేశం నుంచి 60,523 కోట్ల రూపాయల సముద్ర ఉత్పత్తులు ఎగుమతి అయ్యాయి, అందులో పెద్ద వాటా రొయ్యలదే, ఆ రొయ్యల్లో మన రాష్ట్రానిదే మొదటి స్థానం. అట్లాంటి సరుకుకు రేటు పలికే ఒక బహిరంగ చోటు లేదు. 2020లో ఆక్వా (చేపలు, రొయ్యల సాగు) కోసమని చట్టం చేసి అప్సడా, అంటే రాష్ట్ర ఆక్వాకల్చర్ అభివృద్ధి ప్రాధికార సంస్థ, పెట్టారు, సంతోషం. కౌంట్‌వారీగా నిజంగా చెల్లించిన రేటును రోజూ బయట పెట్టించడం అంత పెద్ద సంస్థకు కష్టమా?

సెల్‌ఫోన్ వచ్చాక రైతుకు అన్నీ తెలుస్తున్నాయని ఆఫీసర్లు మీటింగుల్లో చెబుతుంటారు. కేరళ తీరంలో 1997 నుంచి 2001 మధ్య సెల్‌ఫోన్లు వచ్చినప్పుడు ఏం జరిగిందో రాబర్ట్ జెన్సెన్ అనే ఆర్థికవేత్త లెక్కలు తీసి 2007లో రాశాడు. అంతకు ముందు ఒక రేవులో కొనేవాడు లేక చేపలు పారబోసేవాళ్లు, అదే పొద్దున కాస్త దూరంలో ఇంకో రేవులో చేపలు చాలక కొనేవాళ్లు ఉత్త చేతులతో పోయేవాళ్లు. ఫోన్లు వచ్చాక సముద్రంలో నుంచే కనుక్కుని రేటున్న రేవుకు పడవ తిప్పారు. పారబోత దాదాపు ఆగిపోయింది, మత్స్యకారుల లాభం 8 శాతం పెరిగింది, తినేవాళ్లకు ధర 4 శాతం తగ్గింది. అక్కడ పనిచేసింది ఒట్టి ఫోన్ కాదు. ఒకరితో ఒకరికి సంబంధం లేని చాలామంది కొనేవాళ్లు చాలా రేవుల్లో ఉన్నారు, ఎవరి రేటు వాళ్లు చెప్పారు. మా ఫోన్‌లో వచ్చేది ఒకవైపు నుంచి వచ్చే మాట ఒక్కటే.

ధాన్యం రేటు విషయంలోనూ ఇదే చీకటి. 2024-25లో 'ఏ' గ్రేడ్ (మేలు రకం) ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకు 2,320 రూపాయలు, మన 850 కిలోల పుట్టికి 19,720 రూపాయలు. ఆ లెక్క ఎంతమంది రైతులకు ఎవరు విడమరిచి చెప్పారు? తేమ 17 శాతం దాకా పర్వాలేదని రూలు. ఆ తేమ కొలిచే మిషన్ మిల్లు దగ్గర ఉంటుంది, అంకె మిల్లు మనిషి చెబుతాడు, మనం తలూపాలి. రైతు సేవా కేంద్రంలో అడిగితే సర్వర్ డౌన్.

మాలో మాకూ తప్పుంది, అదీ రాస్తున్నాను. గుంటలో వైట్‌స్పాట్ (రొయ్యలకు వచ్చే అంటురోగం) వచ్చినవాడు చెప్పడు, చెబితే ఏజెంట్ రేటు తెగ్గోస్తాడని భయం. గుట్టుగా పట్టుబడి చేసి నీళ్లు కాలవలోకి వదులుతాడు, అదే కాలవ నీళ్లు పది మంది మోటార్లు పెట్టి తోడుకుంటారు. ఆ ఒక్క కబురు ఆ పూట తెలిసి ఉంటే ఆ పది గుంటలూ మిగిలేవి. దీనికి మత్స్యశాఖ వాళ్లు ఊరూరా ఏదో ఒక ఏర్పాటు చెయ్యాలి, పేరు బయట పెట్టకుండా ఫలానా కాలవ మీద రోగం ఉందని చెబితే చాలు.

నేనడిగేది పెద్ద కోరిక కాదు. ప్రతి ప్లాంట్ ముందురోజు ఏ కౌంట్‌కు ఎంత చెల్లించిందో సాయంత్రానికి మత్స్యశాఖకు ఇవ్వాలి, తెల్లారేసరికి అది ప్రతి రైతు సేవా కేంద్రం గోడ మీద ఉండాలి. కౌంట్ తేడా వస్తే ప్లాంట్‌లో రైతు మనిషి ఎదురుగా మళ్లీ లెక్కపెట్టాలి. మీరు కూడా ఆ రేట్ల పట్టికను రోజూ జిల్లా పేజీలో వెయ్యండి, నాలుగు కాలమ్‌లు అక్కర్లేదు, మూల మీద చిన్న డబ్బా చాలు. పోయిన వారం వార్తకు సమాచారం ఇచ్చిన ఆ వ్యాపార వర్గాలు ఎవరో, ఆ రోజుల్లో వాళ్లు ఎంత సరుకు కొన్నారో కూడా మీ విలేకరి చేత రాయించండి.

ఇట్లు
ఒక రొయ్యల రైతు,
విడవలూరు మండలం, నెల్లూరు జిల్లా