కొత్త కెమెరా కంటే ముందు మీ పాత సంచి చూస్తాం

మా కస్టమర్లందరికీ నమస్కారం. ఈ నెల నుంచి షాపులో ఒక పద్ధతి మారుస్తున్నాం. ఎందుకు మార్చాల్సి వచ్చిందో దాచకుండా చెబుదామని ఇది రాస్తున్నాను.

ఈమధ్య మా దగ్గరికి వస్తున్నవాళ్లలో చాలామందికి ఫొటోగ్రఫీ కొత్త కాదు. పది పన్నెండేళ్ల కిందట కెమెరా మెడలోంచి తీయకుండా తిరిగినవాళ్లే. ఉద్యోగం, పిల్లలు, ఆ తర్వాత ఫోన్‌లోకి మంచి కెమెరా రావడం, అలా అలా అది బీరువాలోకి వెళ్లిపోయింది. ఇప్పుడు కాస్త తీరిక దొరికి మళ్లీ పట్టుకోవాలనుకుంటున్నారు. అందరూ అడిగేది ఒకటే. "మేం వదిలేసేనాటికి అన్నీ డీఎస్ఎల్ఆర్‌లే. ఇప్పుడు ఎవర్ని అడిగినా మిర్రర్‌లెస్ అంటున్నారు. ఏ సిస్టమ్ తీసుకోమంటారండీ?" డీఎస్ఎల్ఆర్ అంటే లోపల అద్దం ఉన్న కెమెరా, మిర్రర్‌లెస్ అంటే ఆ అద్దం లేనిది. సిస్టమ్ అంటే ఒక కెమెరా, దానికి సరిపోయే లెన్సులు.

ఇన్నాళ్లూ మేం నాలుగు కొత్త బాడీలు (లెన్స్ లేని కెమెరాలు) కౌంటర్ మీద పెట్టి జవాబు మొదలుపెట్టేవాళ్లం. అలా చేయడం తప్పని నాకు ఒక పెద్దాయన వల్ల తెలిసింది. ఆయన దగ్గర పాత నికాన్ లెన్సులు రెండున్నాయి, ఒక 50 ఎంఎం, ఒక 85 ఎంఎం. "అడాప్టర్ వేస్తే పాతవన్నీ పనిచేస్తాయండీ" అని నేనే నోటిమాటగా చెప్పి, కొత్త బాడీ, పాత లెన్స్‌ను దానికి కలిపే రింగు లాంటి ఆ అడాప్టర్ ఇచ్చి పంపాను. లెన్సులు తెప్పించి చూడలేదు. వారం తిరక్కుండానే వచ్చారు. నా ఎదురుగానే షట్టర్ బటన్ సగం నొక్కి చూపించారు. లెన్స్ కదల్లేదు. మళ్లీ నొక్కారు. "పదేళ్లుగా వాడక పాడైపోయిందేమో కదా" అన్నారు, తన వల్లే ఏదో తప్పు జరిగినట్టు.

లెన్స్ తీసి తిప్పి చూశాను. వెనకవైపు లోహపు రింగు అంచున, చిన్న స్క్రూ తలలాగా అడ్డంగా గాడి ఉన్న ముక్క కనిపించింది. అంతే, విషయం అర్థమైపోయింది. ఆ తరం లెన్సుల్లో ఫోకస్ మోటార్ ఉండదు. మోటార్ కెమెరా బాడీలో ఉండి ఆ గాడి ద్వారా లెన్స్‌ను తిప్పుతుంది. నికాన్ ఎఫ్‌టీజడ్ అడాప్టర్‌లో అలాంటి మోటార్ లేదు. కాబట్టి ఏఎఫ్-ఎస్, ఏఎఫ్-పీ అని రాసి ఉన్న లెన్సులకు ఆటోఫోకస్ వస్తుంది. మోటార్ లేని ఏఎఫ్-డీ లెన్సులకు ఎక్స్‌పోజర్ (వెలుతురు లెక్క) సరిగ్గానే వస్తుంది కానీ ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి. ఇది నాకు తెలియని విషయం కాదు. అడగాల్సింది అడగలేదు, అంతే. బాడీ వెనక్కి తీసుకుని మొత్తం డబ్బు ఇచ్చేశాం. కానీ ఆయన ఆ వారమంతా తన లెన్స్ పాడైందనుకుని పడ్డ బాధను నేను వెనక్కి తీసుకోలేను.

అందుకే ఇకనుంచి సిస్టమ్ మారాలనుకుని వచ్చేవాళ్లకు బాడీ చూపించే ముందు పాత సంచి తెరిపిస్తాం. ఒక్కో లెన్స్ తీసి ఏది ఏ మౌంట్‌లోకి (కెమెరాకు లెన్స్ బిగించే చోటు) ఎంతవరకు పనికొస్తుందో కాగితం మీద రాసిస్తాం. దీనికి డబ్బులేం తీసుకోం. ఫోన్ టార్చ్ వేసి లోపల ఫంగస్ ఉందేమో కూడా చూస్తాం. సాలెగూడు పోగుల్లాంటివి లెన్స్ గాజు అంచు నుంచి పాకి ఉంటే అదే ఫంగస్. అంచుల్లో కొద్దిగా ఉంటే ఫొటో మీద పెద్దగా ప్రభావం ఉండదు. మధ్యకు వస్తే మాత్రం వెలుతురుకు ఎదురుగా తీసినప్పుడు ఫొటో పొగమంచు పట్టినట్టు వస్తుంది.

అసలు పాత లెన్స్ కొత్త కెమెరాకు ఎలా సరిపోతుందని చాలామందికి అనుమానం. డీఎస్ఎల్ఆర్‌లో అద్దం కోసం లెన్స్‌కీ, ఫొటో పడే సెన్సర్‌కీ మధ్య చోటు వదలాలి. నికాన్ ఎఫ్ మౌంట్‌లో అది 46.5 మిల్లీమీటర్లు, కొత్త జడ్ మౌంట్‌లో 16. కానన్ పాత ఈఎఫ్ మౌంట్‌లో 44, కొత్త ఆర్ఎఫ్‌లో 20. అద్దం పోవడంతో మిగిలిన ఆ చోటునే అడాప్టర్ నింపుతుంది. లోపల గాజు ఉండదు, కనుక క్వాలిటీ తగ్గుతుందన్న భయం అక్కర్లేదు. కానన్ వాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఎక్కువ. 1987లో ఈఎఫ్ మౌంట్ వచ్చినప్పటి నుంచీ మోటార్ లెన్స్‌లోనే ఉంది. కాబట్టి ఈఎఫ్ లెన్సులు ఆర్ఎఫ్ బాడీల మీద ఆటోఫోకస్‌తోనే నడుస్తాయి. ఈఎఫ్-ఎం (కానన్ మొదటి మిర్రర్‌లెస్ కెమెరాలవి) లెన్సులున్నవాళ్లకు మాత్రం ఆ దారి లేదు. సోనీలో పాత మినోల్టా, A-మౌంట్ లెన్సుల కోసం మోటార్ ఉన్న అడాప్టర్ ఉంది కానీ, స్క్రూతో తిరిగే లెన్సులకు కొన్ని బాడీల మీదే ఆటోఫోకస్ వస్తుంది. పెంటాక్స్ ఇంకా డీఎస్ఎల్ఆర్‌లే చేస్తోంది కాబట్టి అది వాడినవాళ్లు అసలు మారాల్సిన పనే లేకపోవచ్చు.

ఇంకో చిక్కు కూడా చెప్పాలి. పాత కెమెరాతో వచ్చిన 18-55 లాంటి లెన్స్ క్రాప్ సెన్సర్ (చిన్న సెన్సర్) కోసం చేసింది. దాన్ని 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) బాడీకి పెడితే కెమెరా సెన్సర్ మధ్య భాగమే వాడుకుంటుంది, చేతికొచ్చేది సుమారు 10 మెగాపిక్సెల్. "ఈసారి ఎలాగైనా ఫుల్ ఫ్రేమ్" అని నిశ్చయించుకుని వచ్చేవాళ్లకు ముందే ఈ మాట చెప్పకపోతే మోసం చేసినట్టే.

ఫుల్ ఫ్రేమ్ మీద నా అభిప్రాయం సూటిగా చెబుతాను. బాడీ చిన్నదైంది నిజమే, లెన్స్ బరువు మాత్రం అంతగా తగ్గలేదు. కానన్ ఈఎఫ్ 70-200 ఎఫ్ 2.8 జూమ్ లెన్స్ రెండో వెర్షన్ 1,490 గ్రాములు, కొత్త ఆర్ఎఫ్‌ది 1,070. తగ్గినా అది కేజీ పైమాటే. మీరు కెమెరా వదిలేయడానికి బరువు ఒక కారణమైతే, ఫ్యూజీ ఎక్స్ లాంటి క్రాప్ సెన్సర్ సిస్టమ్‌నో, సెన్సర్ ఇంకా చిన్నదైన మైక్రో ఫోర్ థర్డ్స్‌నో ముందు చేత్తో పట్టుకుని చూడండి. ఇంట్లో వదిలేసి వెళ్లిన కెమెరా ఎంత గొప్పదైతే ఏం లాభం?

వయసుతో వచ్చే ఇంకో సంగతి ఏ స్పెసిఫికేషన్ కాగితంలోనూ కనబడదు. ఒకావిడ మా దగ్గర పాత డీఎస్ఎల్ఆర్‌తో నాలుగు ఫొటోలు తీశారు. వ్యూఫైండర్‌లో (కన్ను ఆనించి చూసే చిన్న కిటికీ) చూసి తీయడం, వెనక స్క్రీన్ మీద చూసుకోవడానికి జేబులోంచి కళ్లజోడు తీయడం, పెట్టుకోవడం, మళ్లీ తీసేయడం. నాలుగో ఫొటోకి విసుగొచ్చి చూసుకోవడమే మానేశారు. అప్పుడు మిర్రర్‌లెస్ ఇచ్చి, వ్యూఫైండర్ పక్కన ఉండే చిన్న డయాప్టర్ చక్రం ఆవిడ కంటికి సరిపడా తిప్పాను. తీసిన ఫొటో, మెనూ, అక్షరాలు అన్నీ ఆ కిటికీలోనే స్పష్టంగా కనిపించాయి, కళ్లజోడు లేకుండా. ఆవిడ చాలాసేపు కన్ను తీయలేదు. నలభై దాటినవాళ్లకు ఎలక్ట్రానిక్ వ్యూఫైండర్ బాగుండటం మెగాపిక్సెల్స్ కంటే ముఖ్యమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

మారకుండా ఉండిపోవడం కూడా మంచి నిర్ణయమే కావచ్చు. 2008లో వచ్చిన నికాన్ డీ90ది 12 మెగాపిక్సెల్. ఆ ఫైల్‌తో 12×8 అంగుళాల ప్రింట్ ఇప్పటికీ చక్కగా వస్తుంది. ట్రైపాడ్ మీద ప్రకృతి దృశ్యాలు తీసేవాళ్లకు పాత బాడీకి కొత్త బ్యాటరీ, ఒక మంచి లెన్స్ చాలు. పరుగెత్తే పిల్లలు, ఎగిరే పక్షులు, తక్కువ వెలుతురు, ఇవి మీ ఇష్టాలైతే మారండి. కంటిని గుర్తుపట్టి వెంటాడే ఆటోఫోకస్ పాత కెమెరాల్లో లేదు. ఒక మాట మాత్రం గుర్తుంచుకోండి, మిర్రర్‌లెస్ కెమెరాలు చాలావాటికి ఒక చార్జింగ్‌కి 300 నుంచి 500 ఫొటోల లెక్కే ఇస్తారు. డీ90కి 850 ఇచ్చేవాళ్లు. రెండో బ్యాటరీ తప్పదు.

కొత్త బాడీ అమ్ముడుపోతేనే షాపు నడుస్తుంది, అది నిజం. అయినా బాడీతో పాటు మూడు లెన్సులు కలిపి ఇచ్చే కాంబో ఆఫర్ ఆపేస్తున్నాం. అలా కొన్నవాళ్లలో చాలామంది రెండు లెన్సులను ఏడాదిలోపే మాకే తిరిగి అమ్మారు. దాని బదులు ఒక బాడీ, ఒక లెన్స్ రెండు రోజులు అద్దెకు తీసుకెళ్లండి. ఆ తర్వాత కొంటే అద్దె బిల్లులో తగ్గిస్తాం, కొనకపోయినా ఎవరూ ఫోన్ చేసి అడగరు. ఎక్స్ఛేంజ్‌కి ఇస్తే షట్టర్ కౌంట్ (ఇప్పటిదాకా ఎన్ని ఫొటోలు తీశారన్న లెక్క), ఫంగస్, గీతలు అన్నీ మీ ముందే చూసి ధర కడతాం. లోపలికి తీసుకెళ్లి చూడటం ఇక ఉండదు.

వచ్చేటప్పుడు లెన్సులన్నీ తెండి, పనికిరాదనుకున్నవి కూడా. పాత బ్యాటరీ ముందురోజు చార్జింగ్ పెట్టండి. కొంచెం ఉబ్బినట్టున్నా, కెమెరాలోంచి తేలిగ్గా బయటికి రాకపోయినా మాత్రం చార్జింగ్ పెట్టొద్దు, బలవంతంగా లాగొద్దు. అలాగే తెచ్చి మా చేతికివ్వండి, తీయడం మేం చూసుకుంటాం.