కాపీ వద్దంటున్నాం, ఎలా రాయాలో ఎప్పుడు నేర్పాం? ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యాశాఖ మంత్రిగారికి,

నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో డిగ్రీ, పీజీ పిల్లలకు పాఠాలు చెప్పేవాళ్ళం, లైబ్రరీలు చూసేవాళ్ళం, పరిశోధక విద్యార్థులకు గైడ్లుగా ఉన్నవాళ్ళం కలిసి రాస్తున్న లేఖ ఇది. విషయం ఒక్కటే. ఇంకొకరి రాత నుంచి తీసుకున్నదాన్ని తీసుకున్నట్టు చెప్పి రాయడం మన పిల్లలకు ఎవరూ నేర్పడం లేదు. నేర్పకుండానే ఎత్తిరాతను పట్టుకోవడానికి యంత్రాలు, అంటే రాతల్ని పోల్చి చూసే సాఫ్ట్‌వేర్లు, పెట్టాం. ఆ యంత్రాలు తెలుగు దగ్గరకొచ్చేసరికి సరిగా పనిచేయవు.

డిగ్రీ మొదటి సంవత్సరం పరీక్షలు కాగానే కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఉంటుంది. 180 గంటలు, నాలుగు క్రెడిట్లు. ఊళ్ళోకి వెళ్ళి ఇంటింటి సర్వే చేసి, రిపోర్టు రాసి, స్పైరల్ బైండింగ్ చేయించి ఇవ్వాలి. చాలామంది పిల్లలు తమ జీవితంలో రాసే మొదటి పరిశోధన కాగితం అదే. దానికి ముందు ఆధారాలు ఎలా చూపాలన్న దాని మీద ఒక్క గంట క్లాసు కూడా చాలాచోట్ల జరగదు. దాంతో నిరుటి బ్యాచ్ రిపోర్టే ఈ ఏటి బ్యాచ్‌కి పాఠం అవుతుంది. ఫైలు తెరిచి, 'కవిటి' అన్న చోటల్లా 'సంతకవిటి' అని మారిస్తే ఊరు మారిపోతుంది. లోపల కవిటివైపు కొబ్బరి తోటలూ కిడ్నీ జబ్బూ అలాగే ఉండిపోతాయి. ఆ రిపోర్టుకి మార్కులు పడిన రోజున పిల్లవాడు నేర్చుకునేది ఒకటే: రాయడమంటే ఇదేనని. ఆ అలవాటే పీజీ డిసర్టేషన్ దాకా, అక్కణ్ణుంచి పీహెచ్‌డీ సిద్ధాంత వ్యాసం దాకా వెంట వస్తుంది.

నియమాలు లేవని కాదు. విశ్వవిద్యాలయాల నిధుల సంఘం (యూజీసీ) ఎత్తిరాత మీద 2018లో ఇచ్చిన నిబంధనలు స్పష్టంగానే ఉన్నాయి. ఇంకొకరి రాతతో పోలిక పది శాతం లోపు ఉంటే శిక్ష లేదు. పది దాటి నలభై దాకా ఉంటే ఆరు నెలలకు మించని గడువులో సరిదిద్ది మళ్ళీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై దాకా అయితే ఏడాది పాటు మళ్ళీ సమర్పించకూడదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దు. అయితే ఈ శిక్షలు పీజీ స్థాయి నుంచి పైవాళ్ళకు. ఆధారాలు చూపడం, పరిశోధన నీతి గురించి యూజీసీ పెట్టిన రెండు క్రెడిట్ల, ముప్ఫై గంటల కోర్సు కూడా పీహెచ్‌డీలో చేరాకే. అంటే పిల్లవాడు పద్దెనిమిదేళ్ళకు అలవాటు చేసుకున్నదాన్ని పాతికేళ్ళకు మాన్పించాలని చూస్తున్నాం.

ఇక ఆ శాతం సంగతి. వంద పేజీల వ్యాసంలో పది శాతమంటే పది పేజీలు. ఆ పది పేజీలూ ఇంకొకరి ముగింపు అధ్యాయమే అయినా అంకె మాత్రం 'శిక్ష లేదు' అనే చెబుతుంది. ఇంకో వ్యాసంలో ఇరవై ఎనిమిది శాతం వస్తుంది. తీసి చూస్తే చట్టం సెక్షన్లు, సర్వే ప్రశ్నలు, కొటేషన్ గుర్తుల్లో పెట్టి పేజీ నంబరు ఇచ్చిన వాక్యాలు ఉంటాయి. ఆధారం చూపిన ఉల్లేఖనాలను, గ్రంథసూచిని, చట్టాలను లెక్కలోంచి తీసేయాలని నిబంధనే చెబుతోంది. తీసేయడానికి సాఫ్ట్‌వేర్‌లో మీటలూ ఉంటాయి. నొక్కేవాళ్ళు ఉండాలి, రిపోర్టును పేజీ పేజీ తిప్పి చదివేవాళ్ళు ఉండాలి. మొదటి పేజీలో ఉన్న అంకె చూసి సంతకం పెట్టేస్తే నిజాయితీగా రాసినవాడు నష్టపోతాడు, తెలివిగా ఎత్తినవాడు దాటిపోతాడు.

తెలుగు వ్యాసాలకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. ఇప్పటికీ చాలా డీటీపీ సెంటర్లలో యూనికోడ్ కాని పాత అను ఫాంట్లలోనే కొడతారు. తెర మీద, కాగితం మీద అది చక్కని తెలుగు. ఫైలు లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కలిసిన గందరగోళం. పోల్చే సాఫ్ట్‌వేర్‌కి కనిపించేది ఆ గందరగోళమే. అది నెట్‌లో ఎక్కడా దొరకదు కాబట్టి పోలిక సున్నా దగ్గర ఆగిపోతుంది. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అది బొమ్మే, అందులో అక్షరాలే ఉండవు.

ఫైలు లోపల కూడా తెలుగు అక్షరాలే ఉండే యూనికోడ్‌లో ఇచ్చినా ఇంకో లోపం ఉంది. వరసగా పద్నాలుగు మాటల దాకా కలిసినా దాన్ని పోలికగా లెక్కించకుండా వదిలేయవచ్చని నిబంధన. ఇంగ్లీషులో పద్నాలుగు మాటలంటే చాలాసార్లు వాక్యంలో సగం. తెలుగులో విభక్తి, కాలం, వ్యతిరేకం అన్నీ మాటకే అతుక్కుంటాయి. 'వాళ్ళింటికి వెళ్ళలేకపోయాను' అంటే మనకు రెండు మాటలు. ఇంగ్లీషులో అదే 'ఐ కుడ్ నాట్ గో టు దెయిర్ హౌస్', ఏడు మాటలు. కాబట్టి మన భాషలో పద్నాలుగు మాటల మినహాయింపు రెండేసి వాక్యాలను అలాగే వదిలేస్తుంది. పైగా 'చెప్పాడని' అన్నదాన్ని 'చెప్పాడు అని' అని విడదీసినా, 'పెళ్ళి'ని 'పెళ్లి' చేసినా ఆ వరస తెగిపోతుంది. ఇంగ్లీషు వ్యాసాన్ని ఫోన్‌లో అనువాదం చేసి అతికించినదైతే మాటకు మాట పోల్చే పద్ధతికి దొరకనే దొరకదు. తెలుగు వచ్చిన మనిషి చదివితే రెండో వాక్యానికే పట్టేస్తారు.

ఇన్ని చెప్పినా మా బాధ ప్రధానంగా దొంగల గురించి కాదు. ఎక్కువమంది పిల్లలు ఎత్తిరాయాలని కూర్చోరు. ఎక్కడో చదివినదాన్ని ఫోన్‌లోకి కాపీ చేసుకుంటారు, వాట్సాప్‌లో తమకే పంపుకుంటారు. మూడు వారాల తర్వాత చూస్తే అది తమ మాటో, పుస్తకం మాటో వాళ్ళకే తెలియదు. దీనికి మందు ఖరీదైనది కాదు, ఒక నోటుపుస్తకం. పేజీని మూడు గళ్ళు చేయాలి. ఎడమ గడిలో పుస్తకం, పేజీ నంబరు. మధ్య గడిలో పుస్తకంలోని మాట ఉన్నదున్నట్టు, కొటేషన్ గుర్తుల్లో. కుడి గడిలో దాని గురించి తన మాట. రిపోర్టు రాసేటప్పుడు కుడి గడిలోంచే రాయాలి. మధ్య గడిలోంచి తీస్తే గుర్తులతో సహా తీయాలి. ఎవరి మాటైనా పేజీ నంబరు వెంట రావాలి. ఈ ఒక్క అలవాటు పడితే తెలియక చేసే తప్పుల్లో చాలా భాగం పుట్టనే పుట్టవు.

రెండోది, సొంత మాటల్లో రాయడమంటే ఏమిటో చూపించడం. పాఠం కోసం శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతం గురించి రెండు వాక్యాలు అనుకుందాం: 'ఉద్దానంలో కొబ్బరి తోటలు రైతుకు ఏడాది పొడుగునా ఆదాయం ఇచ్చేవి. తుపానులో చెట్లు పోయాక కొత్త మొక్క కాపుకొచ్చేదాకా ఆగలేక కొందరు వలస వెళ్ళారు.' వీటిని పిల్లలు ఇలా మారుస్తారు: 'ఉద్దానంలో నారికేళ వనాలు కర్షకునికి సంవత్సరమంతా రాబడి సమకూర్చేవి. పెనుగాలిలో వృక్షాలు నశించగా నూతన మొక్క ఫలించువరకు నిరీక్షించలేక కొందరు వలసపోయిరి.' ఒక మాట తీసి అదే అర్థం ఉన్న ఇంకో మాట పెట్టారు, అంతే. వాక్యం ఎముకలు అవే, వరస అదే. కింద ఆధారం ఇచ్చినా ఇది ఎత్తిరాతే. సరైన పద్ధతి ఏమిటంటే పుస్తకం మూసేసి రాయడం: 'కొబ్బరి చెట్టు పోతే రైతుకు పోయేది ఒక్క పంట కాదు, మళ్ళీ కాపు మొదలయ్యేదాకా అన్నేళ్ళ రాబడి. ఉద్దానం నుంచి తుపాను తర్వాత జరిగిన వలసలకు ఫలానా రచయిత దీన్నే కారణంగా చూపారు.' ఇక్కడ ఆలోచన ఎవరిదో వాక్యంలోనే తెలుస్తోంది, చెప్పిన తీరు విద్యార్థిది. ఇలాంటి జతలు పది చేయిస్తే చాలు, పిల్లలకు తేడా చేతికి వస్తుంది.

దేనికి ఆధారం అక్కర్లేదో కూడా చెప్పాలి. లేకపోతే భయంతో ప్రతి వాక్యానికీ ఒక నంబరు తగిలిస్తారు. తిత్లీ తుపాను 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిందన్నది అందరికీ తెలిసిన సంగతి. ఎన్ని చెట్లు పడ్డాయన్నది అలాంటిది కాదు. ఆ అంకె ప్రభుత్వ నివేదికదా, పత్రికదా, ఏ తేదీనాటిది? చూడని నివేదికను చూసినట్టు రాయకూడదు. పత్రికలో చదివి ఉంటే 'ఫలానా నివేదిక, ఫలానా పత్రికలో ఉటంకించిన ప్రకారం' అనే రాయాలి. ఉద్దానం కిడ్నీ జబ్బు మీద రాసే రిపోర్టుల్లో ఈ తప్పు మరీ ప్రమాదం. ఒకరు అంచనాగా అన్న అంకె నాలుగు చేతులు మారేసరికి నిర్ధారణ అయిపోతుంది.

మన దగ్గరి రచయితల విషయానికే వద్దాం. విజయనగరంలో కూర్చుని కన్యాశుల్కం మీద వ్యాసం రాస్తూ ఉత్త పేజీ నంబరు ఇస్తే ఏం తెలుస్తుంది? 1897లో అచ్చయిన నాటకం వేరు, గురజాడ తిరగరాసి 1909లో తెచ్చినది వేరు. ఏ కూర్పు, ఏ ప్రచురణ, చేతిలో ఉన్న పుస్తకం ఏ సంవత్సరం ముద్రణ అన్నవి మూడూ కావాలి. కథకు మొదట ఏ పత్రికలో, ఏ నెలలో వచ్చిందో ఒక తేదీ ఉంటుంది, సంపుటిలో చేరిన తేదీ ఇంకోటి. దీన్ని చూసుకోవడానికి పిల్లలు దూరం పోనక్కర్లేదు. కాళీపట్నం రామారావుగారు 1997లో స్థాపించిన కథానిలయం శ్రీకాకుళంలోనే ఉంది. శ్రీముఖలింగం శాసనాల గురించి రాస్తే 'శాసనం ప్రకారం' అంటే సరిపోదు. అచ్చు సంపుటం సంఖ్య, శాసనం సంఖ్య ఇవ్వాలి. చదివింది రాతి మీదా, పుస్తకంలోనా చెప్పాలి. శక సంవత్సరాన్ని మార్చేటప్పుడు 78 కలిపామని కూడా రాయాలి.

పేర్ల దగ్గర ఇంకో తంటా. గ్రంథసూచి తయారుచేసే సాఫ్ట్‌వేర్లు చివరి మాటే ఇంటిపేరనుకుంటాయి. గిడుగు వెంకట రామమూర్తిగారు 'రామమూర్తి, జి. వి.' అయి 'ర' కింద చేరతారు. గిడుగు కోసం 'గ' దగ్గర వెతికేవాళ్ళకు దొరకరు. చాగంటి సోమయాజులు ఒకచోట, చాసో ఇంకోచోట ఉంటే ఇద్దరు మనుషులవుతారు. తెలుగు పేరును తిరగేయకుండా ఇంటిపేరుతోనే మొదలుపెట్టాలి, కలంపేరు దగ్గర అసలు పేరు చూడమని రాయాలి. ఉచితంగా దొరికే జొటేరోలో పేరును ఒకే గడిలో పెట్టే వీలుంది. అది తెలిస్తే సగం తలనొప్పి పోతుంది.

మాకు అన్నిటికన్నా బాధ కలిగించేది పుస్తకాల్లేనివాళ్ళ దగ్గర జరిగే ఎత్తిరాత. సీతంపేట కొండల్లో ఒక సవర గిరిజన పెద్ద చెప్పిన కథనో, తప్పెటగుళ్ళ జానపద బృందం పాడిన పాటనో రికార్డు చేసుకొచ్చి 'నా సేకరణ' అని వ్యాసంలో పెట్టేస్తారు. చెప్పినవారి పేరు ఎక్కడా ఉండదు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని పట్టదు. చెప్పినవారి పేరు, ఊరు, మండలం, ఏ భాషలో చెప్పారు, తేదీ, రికార్డు చేసినవారు, తెలుగు చేసినవారు, పేరు వేయడానికి వాళ్ళు ఒప్పుకున్నారా లేదా అన్న ఇన్ని వివరాలూ పుస్తకానికి ఇచ్చినంత గౌరవంగా అధోజ్ఞాపికలో (ఫుట్‌నోట్‌లో) రావాలి. ఒప్పుకోకపోతే పేరు దాచి, దాచామని చెప్పాలి.

కాబట్టి మేం అడిగేవి ఇవి. ఉన్నత విద్యామండలి చేత ఇరవై పేజీలకు మించని తెలుగు కరదీపిక ఒకటి తెప్పించండి. పుస్తకం, పత్రిక, శాసనం, జీవో, వెబ్ పేజీ, మౌఖిక ఆధారం, ఒక్కోదానికి రెండేసి నమూనాలతో. రాష్ట్రమంతా ఒకటే పద్ధతి ఉండాలి. ఇప్పుడు ఒక్కో గైడు ఒక్కో తీరు చెబుతున్నారు, మధ్యలో పిల్లలు నలిగిపోతున్నారు. సర్వీస్ ప్రాజెక్టుకు ముందు ఆరు గంటల క్లాసు పెట్టించండి: మొదటి రెండు లైబ్రరీలో నోటుపుస్తకం మీద, మూడు సొంతమాటల అభ్యాసం మీద, ఒకటి గ్రంథసూచి మీద. వందకు ఇరవై మార్కులు ఆ నోటుపుస్తకానికీ ఆధారాలకూ కేటాయించండి. వైవాలో పరీక్షకులు సూచిలోంచి ఏవైనా ఐదు ఆధారాలు ఎంచి 'ఈ పేజీ చూపించు' అని అడగాలి. ఏఐ చేత రాయించినవాటిలో అసలు లేని పుస్తకాల పేర్లు వస్తున్నాయి, అవి ఈ ఒక్క ప్రశ్నకే బయటపడతాయి. దీనికి సాఫ్ట్‌వేర్ కొననక్కర్లేదు. తెలుగు సిద్ధాంత వ్యాసాలను పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఫైలుగా కూడా తీసుకోవాలి. శాతం ఎంతొచ్చినా తెలుగు చదవగల ఇద్దరు పోలిక రిపోర్టును చూసి, తాము చూసిన పేజీల నంబర్లు రాసి సంతకం పెట్టాలి. డిగ్రీలో మొదటిసారి తప్పు చేసినవాళ్ళకు శిక్ష వద్దు, పదిహేను రోజులిచ్చి మళ్ళీ రాయించండి.

ఈ ఆరు గంటలు వచ్చే వేసవి ప్రాజెక్టుకే జరగాలంటే రెండో సెమిస్టర్ టైంటేబుల్ వేసేలోగా సర్క్యులర్ కాలేజీలకు చేరాలి. కరదీపిక అప్పటికి అచ్చు కాకపోయినా ఫర్వాలేదు. నమూనా పేజీలు, అభ్యాసాలు రాసివ్వడానికి మేం సిద్ధంగా ఉన్నాం.

ఇట్లు,
శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల అధ్యాపకులు, గ్రంథాలయ ఉద్యోగులు, పరిశోధన పర్యవేక్షకులు కొందరు