అమలాపురం అందరి అంచునే ఉంది: ఎఫ్ఎం సిగ్నల్ గురించి కేంద్ర మంత్రికి బహిరంగ లేఖ

కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రి శ్రీ అశ్వినీ వైష్ణవ్ గారికి నమస్కారం.

నేను గోదావరి డెల్టా చివర, అంతర్వేది వైపు ఉంటాను. రేడియోలు, టీవీలు బాగుచేయడం నా పని. కోనసీమ తీరంలో ఎఫ్ఎం నిలకడగా అందడం లేదు. సెట్టు పాడైందనుకుని జనం నా దగ్గరికి తెస్తారు. విప్పి చూస్తే సెట్టు బాగానే ఉంటుంది, సిగ్నలే ఉండదు.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. మా వీధిలో కరెంటు పోయింది, కాసేపటికి ఫోన్లూ మూగబోయాయి. పక్కింటి పెద్దాయన బ్యాటరీ రేడియో ఒళ్లో పెట్టుకుని యాంటెనా అటూ ఇటూ తిప్పుతూనే ఉన్నారు. రెండు మాటలు, గరగర, మళ్లీ ఓ మాట. తుపాను తీరం దాటేసిందా, ఇంకా దాటాలా అన్నది తెల్లారేదాకా మాకు తేలలేదు. 1996 నవంబర్ 6న వెయ్యి మందికి పైగా పొట్టనబెట్టుకున్న తుపానును చూసిన ప్రాంతం సార్ ఇది. గాలి కాస్త ఈల వేసిందంటే చాలు, ఇక్కడ పెద్దవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. 1999 సూపర్ సైక్లోన్ నాటికి మీరు ఒడిశాలో ఐఏఎస్ అధికారి. తుపాను ఎటు కదులుతోందో గంటగంటకీ తెలియడం ఎంత అవసరమో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఎఫ్ఎం తరంగం ఇంచుమించు తిన్నగా పోతుంది. భూమి గుండ్రం కాబట్టి దూరంలో నేల వంపు తిరిగిన చోట అది పైనుంచి దాటిపోతుంది, కింద ఉన్నవాళ్లకు దొరకదు. అందుకే ఎన్ని వాట్లు అని అడిగే ముందు టవర్ ఎంత ఎత్తు అని అడగాలి. యాంటెనా 100 మీటర్ల ఎత్తున ఉంటే చేతిలో రేడియోకి దాని చూపు 45 కిలోమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఆనుతుంది. అక్కణ్ణుంచి సిగ్నల్ బాగా పలచబడుతుంది. మా దగ్గరేమో కొండా గుట్టా లేని నేల. యాంటెనాకు ఎత్తు కావాలంటే మనం కట్టిందే. కింద చూస్తే కొబ్బరితోటలు, వాటి మధ్య స్లాబు ఇళ్లు. వచ్చే కాస్త సిగ్నలూ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది.

ఇప్పుడు మ్యాపులో అమలాపురం నుంచి రాజమండ్రికి, కాకినాడకి, భీమవరానికి తిన్నగా కొలిపించండి. మూడూ ఇంచుమించు 50 కిలోమీటర్లే వస్తాయి. అంటే ఆ మూడు ఊళ్లలో ఎన్ని స్టేషన్లు పెట్టినా అమలాపురం ప్రతిదానికీ అంచునే పడుతుంది. అంతర్వేది రాజమండ్రికి 70 కిలోమీటర్ల పైమాటే. 2024 ఆగస్టులో కేంద్ర కేబినెట్ 234 కొత్త పట్టణాల్లో 730 ప్రైవేటు ఎఫ్ఎం ఛానళ్ల వేలానికి ఒప్పుకుంది. మన రాష్ట్రానికి వచ్చిన 22 పట్టణాల్లో కాకినాడ, భీమవరం, ఏలూరు, మచిలీపట్నం ఉన్నాయి. జిల్లా కేంద్రమైన అమలాపురం లేదు. చుట్టుపక్కల స్టేషన్లు వీళ్లకు సరిపోతాయిలే అని ఎవరైనా అనుకుని ఉంటే, ఆ దూరాలు మరోసారి చూడమని మనవి.

ఒక్కోసారి గాలి స్తంభించిన తెల్లవారుజామున బీచ్ దగ్గర రేడియో పెడితే తమిళ పాటలు ఖంగుమని వినిపిస్తాయి. వేటకెళ్లే కుర్రాళ్లు "అంత దూరం నుంచి వస్తోంది, మనది రాదేం?" అని నన్నడుగుతారు. సముద్రం మీది గాలి పొరలు తరంగాన్ని వంచి మోసుకొచ్చే రోజులవి. ఎండెక్కితే ఆ పాటలూ ఉండవు. ఆరోజు వాతావరణం తెచ్చిపెట్టింది తప్ప, అది తుపాను రాత్రి ఆధారపడే సిగ్నల్ కాదు.

ప్రైవేటు స్టేషన్లు సొంతంగా వార్తలు చదవడానికి వీల్లేదు, కాబట్టి ఆపదలో మాకు ఆకాశవాణే దిక్కు. విజయవాడ ఆకాశవాణి 837 కిలోహెర్ట్జ్ మీద ఇచ్చే మీడియం వేవ్ దూరాలకు అందేదే. కానీ ఫోనులో మీడియం వేవ్ రాదు, కుర్రాళ్ల చేతిలో ఉన్నది ఫోనే. ఫోన్లలో ఎఫ్ఎంను ఆపేయొద్దని 2023లో కంపెనీలకు చెప్పింది కూడా మీరే చూసే ఐటీ శాఖే. అది మంచి పని. అయితే ఇయర్‌ఫోన్ తీగే యాంటెనాగా పనిచేసే ఆ ఫోనుకు గట్టి సిగ్నల్ కావాలి.

అమలాపురానికీ ఓ 100 వాట్ల రిలే (వేరే స్టేషన్ కార్యక్రమాలను అందుకుని తిరిగి ప్రసారం చేసే చిన్న ట్రాన్స్‌మిటర్) ఇస్తే పోలేదా అంటారేమో. 2023 ఏప్రిల్ 28న ప్రధాని ప్రారంభించిన 91 రిలేలు కలిపి సుమారు 35,000 చదరపు కిలోమీటర్లకు అందుతాయని సర్కారు చెప్పింది. భాగించి చూస్తే ఒక్కోదానికి సుమారు 385 చదరపు కిలోమీటర్లు, అంటే దాని చుట్టూ 11 కిలోమీటర్ల దూరమే. అమలాపురం నుంచి అంతర్వేది 40 కిలోమీటర్లు. ఊరికి సరిపోతుంది, తీరానికి చాలదు.

కాబట్టి నేనడిగేది ఇదీ. అమలాపురం పరిసరాల్లో ఎత్తైన టవర్ మీద, వాట్లలో కాదు, కిలోవాట్లలో లెక్కపెట్టే ఆకాశవాణి ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ పెట్టించండి. కరెంటు రోజుల తరబడి లేకపోయినా నడిచేలా జనరేటరు, డీజిలు ముందే సిద్ధంగా ఉంచాలి. లేకపోతే సరిగ్గా కావలసిన రాత్రే అది ఆగిపోతుంది. వేలం పట్టణాల జాబితాలో అమలాపురాన్నీ చేర్చండి. వీటన్నిటికంటే ముందు సిగ్నల్ కొలిపించండి. ఆకాశవాణి, దూరదర్శన్‌ల ప్రసార సదుపాయాలు పెంచే 2,539 కోట్ల రూపాయల బిండ్ పథకంతో ఆకాశవాణి ఎఫ్ఎం 80 శాతం జనాభాకు అందుతుందన్నారు. ఆ లెక్కలో మేమున్నామో లేదో ఇక్కడి గట్టు మీదే తేలాలి. అంతర్వేది, ఓడలరేవు, భైరవపాలెం దగ్గర మామూలు చేతి రేడియోతో, ఇంటి లోపల కూడా చూసి, వచ్చిన ఫలితం జనానికి చెప్పండి.

మీ ఇంజనీర్లు వస్తే సఖినేటిపల్లి పంటు రేవు నుంచి వెంట ఉండి, ఏ ఊరు దాటాక స్టేషన్ పోతుందో చూపించడానికి నేను సిద్ధం.

ఇట్లు,
కోనసీమ తీరం నుంచి ఒక రేడియో మెకానిక్